మాడ్చమంటే మాడని పాకం

మా రోజుల్లో కొత్తకోడలికి బీరువా తాళాలు దక్కడం కన్నా వంటింట్లో గరిటె దక్కడం కష్టంగా ఉండేదర్రా పిల్లలూ. బియ్యంలో రాళ్లు ఏరడం, కొబ్బరి కోరడం, పొయ్యి ఊదడం మన వంతు. గరిటె మాత్రం అత్తగారిది. మొన్న వీడియో కాల్‌లో మన బుజ్జి పూణేలో తను పనిచేసే ల్యాబులోంచి ఒక నల్లటి స్పాంజి ముక్కని గడ్డిపువ్వు మీద పెట్టి చూపించింది. పువ్వు వంగనైనా లేదు. "అమ్మమ్మా, ఇదంతా కార్బనే, మన బొగ్గులో ఉండేదే. లోపల కంటికి కనపడనంత సన్నటి పోగులు, రేకులు, మిగతాదంతా గాలి. నూనె కనిపిస్తే తాగేస్తుంది" అంది. నేను నవ్వాను. ఎందుకు నవ్వావని అడిగేలోపే ఫోన్ ఆగిపోయింది (ఆగిపోయిందో, నేనే ఏదో నొక్కానో). అందుకే ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను. దానికి దూరపు చుట్టం ఒకటి నర్సీపట్నంలో మా కట్టెల పొయ్యి మీద నా చేతుల్లోనే పుట్టింది.

నేను కాపరానికొచ్చిన తొలి వేసవి. మాకవరపాలెం దగ్గర తోటనుంచి జీడిపిక్కలు దిగాయి. మా అత్తగారు ఏటా బెల్లంతో జీడిపప్పు పాకం చేసేవారు. ఆవిడ చేతి పాకానికి వీధిలో పేరుంది కాబట్టి మూకుడు దగ్గరికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. ఆ రోజు పెరట్లో పిక్కలు కొట్టేవాళ్లతో ఏదో మాట పడి, గరిటె నా చేతిలో పెట్టి, "ఇదిగో, తిప్పుతుండు. దించే ముందు సిటికెడు వంటసోడా ఎయ్యి. బేగి వొచ్చెత్తాను" అని వెళ్లారు. నా ఆనందం ఏం చెప్పను! ఆ గరిటె ఇక తిరిగి ఇవ్వకూడదనుకున్నాను. చిటికెడుకే ఇంత గుల్లగా వస్తే, గుప్పెడు వేస్తే ఇంకెంత గుల్లగా వస్తుందోనని గుప్పెడు వేశాను. సరిగ్గా అప్పుడే కిటికీ అవతల మీ తాతగారు ప్రత్యక్షమయ్యారు (పగటిపూట పెద్దవాళ్ల ముందు మేం మాట్లాడుకోకూడదు, మా పలకరింపులన్నీ ఆ కిటికీ దగ్గరే).

"సాయంత్రం సినిమాకి ఎల్దామా?"

"మీ అమ్మగారిని అడిగేరా?"

"నువ్వడుగు."

"బాగుంది! మీ అమ్మగారిని నేనడగడమేటండీ?"

ఈ అడగడం ఎవరి వంతో తేలేలోపు వెనకాల బుస్సుమంది. తిరిగి చూద్దును కదా, పాకం మూకుడు దాటి నల్లగా పొంగుతోంది, ఎవరో లోపల కూర్చుని ఊదుతున్నట్టు. మీ తాతగారు మాయం. నేను గరిటె పట్టుకుని గోడకి అంటుకుపోయాను. మాడు వాసనకి పరిగెత్తుకొచ్చిన అత్తగారు కూడా దాని దగ్గరికి వెళ్లలేదు. మంట దానంతటది ఆరేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. చల్లారాక మూకుడు బోర్లిస్తే గుమ్మడికాయంత నల్ల ముద్ద ఊడిపడింది. అత్తగారు బరువుంటుందని రెండు చేతులా ఎత్తబోయి వెనక్కి తూలారు. దానికి బరువే లేదు! లోపలంతా తేనెపట్టులా కన్నాలు.

"పాకం పెట్టమంటే బొగ్గు పెట్టావేటే అమ్మా? మీ పుట్టింట్లో ఇలాగే పెడతారేటి?" అన్నారు. గరిటె చేతులు మారింది. ముద్ద పెరట్లో నీళ్ల పొయ్యి చూరు కిందకి, కారుతున్న కిరసనాయిలు లాంతరు పక్కకి చేరింది. నేను రాళ్లు ఏరే చేట దగ్గరికి చేరాను.

ఆ రాత్రి అకాల వాన. తెల్లారేసరికి కట్టెలన్నీ తడిసి ముద్ద. పొయ్యి అంటుకోక అత్తగారు అగ్గిపెట్టెని తిడుతున్నారు. లాంతరు కింద ఎప్పుడూ ఉండే మడుగు మాత్రం లేదు. కారిన కిరసనాయిలంతా నా ముద్ద తాగేసింది. ఆవిడ విసుగ్గా దాన్లో ఓ పెళ్ల విరిచి కట్టెల కింద పడేసి పుల్ల గీశారు. భగ్గున అంటుకుంది! తడి కట్టెలు కూడా దారికొచ్చాయి. వాన వదలని ఆ నాలుగు రోజులూ పెళ్ల తరవాత పెళ్ల విరుచుకుని, ఆఖరి ముక్క అయిపోయాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "ఇంకోటి సెయ్యగలవేటే?"

గరిటె మళ్లీ నా చేతికి వచ్చింది. అదే మూకుడు, అంతే బెల్లం, అదే గుప్పెడు. అయినా నమ్మకం చాలక ఆవిడ మీ తాతగారిని కేకేశారు. "ఒరేయ్, మొన్న నిలబడ్డ సోటే నిలబడరా!" (అంటే అంతా తెలుసన్నమాట. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.)

"ఏటి మాటాడమంటావే అమ్మా?"

"మొన్నేటి మాటాడేవో అదే. సినిమా సంగతి. నేను ఇనన్లే, కానీండి."

పక్కన అత్తగారు నిలబడి ఉంటే ఏం మాట్లాడతాం? ఆయన కిటికీ ఊచలు చూశారు, నేను మూకుడు చూశాను. చూస్తూ ఉన్నాను కాబట్టి సోడా నురగ రాగానే నా చెయ్యి దానంతటది తిప్పేసింది, దించేసింది. బంగారు రంగు పాకం, ముద్ద కట్టకుండా, గుల్లగా! గుప్పెడు సోడా వాసన కాస్త ఉందేమో గానీ అంత చక్కటి పాకం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అత్తగారు వేలితో రుచి చూసి, నిట్టూర్చి, "పాడు సేసేసావు" అన్నారు. తరవాత జీడిపప్పు అందులో పోసి, గరిటె మాత్రం తిరిగి అడగలేదు.

నల్లముద్ద మళ్లీ ఎప్పుడూ రాలేదర్రా. నిన్న బుజ్జి ఫోన్‌లో బెంగపడుతోంది, తన స్పాంజి ఒక్కసారే చక్కగా వచ్చిందట, మళ్లీ ఎంత చేసినా కూలిపోతోందట. అమ్మా బుజ్జీ, మూకుడూ బెల్లమూ అన్నీ సరిచూసుకున్నాక, ఆ మొదటి రోజు నీ కిటికీ దగ్గర ఎవరు నిలబడ్డారో కూడా ఓసారి గుర్తు చేసుకో.

నాకిప్పుడు గ్యాస్ పొయ్యి వచ్చింది. కిటికీ అదే. పాకం పెట్టిన ప్రతిసారీ ఓ క్షణం కావాలనే అటు తిరుగుతాను. అవతల ఎవరూ ఉండరు. అందుకేనేమో, నా పాకం ఎప్పుడూ బాగానే వస్తోంది.