కరెంటు పోయినప్పటి ఎపిసోడ్లు

రాబోయే సినిమా ఆడుతదా, పోతదా అని నన్నడగండి, చెప్తా. నేను జ్యోతిష్యుణ్ణి కాదు. సికింద్రాబాద్‌లో ఆటోల వెనక రేడియం స్టిక్కర్లు కోసి అంటించేవాణ్ణి. సినిమా ఇంకా షూటింగులో ఉండంగనే ఆటో అన్నలు వచ్చి దాని పేరు కోసివ్వమంటారు. బోయిగూడ ఆటోలు అడిగితే సినిమా గట్టెక్కినట్టు. అంత దూరం యాప్రాల్ నుంచి సుత వచ్చి అడిగితే వంద రోజులు. ఎవరూ అడగక, సినిమావాళ్లే మనిషిని పంపి ఉత్తగ అంటించమంటే, ఆ సినిమా శుక్రవారం వచ్చి సోమవారం పోతది. ఈ లెక్క ఒక్కసారే తప్పింది. ఆ సినిమా హీరోకు నేను ఫ్యాన్‌ని, అందుకే ఆ ఒక్కసారి లెక్క పక్కన పెట్టిన.

సీరియళ్ల మీద మాత్రం నాకు మంచి అభిప్రాయం లేదు. కోడలు తలుపు తీస్తే అత్త ముఖం మూడుసార్లు చూపిస్తారు, మామ ముఖం మూడుసార్లు, గోడ గడియారం ముఖం సుత. ఇవాళ తలుపు తీసిన మనిషి గడప దాటేది వచ్చే బుధవారం. పట్టుచీరలు కట్టుకుని పడుకుంటారు, పొద్దున లేస్తే ఒక్క ముడత ఉండదు. ఇవన్నీ అక్క ముందర అంటే, "నోరు మూసుకుని చూడరా, లేదంటే అవతలికి పో" అనేది. మాకున్నది ఒకటే గది. అవతలంటే రోడ్డే.

అక్క నాకంటే పన్నెండేండ్లు పెద్ద. అమ్మానాన్న పోయినంక నన్ను పెంచింది ఆమెనే. బళ్లో టీచరు. నేనేమో ఎనిమిదో తరగతిలో మధ్యాహ్నం గంట కొట్టంగనే మ్యాట్నీకి పోయి, మళ్లీ బడి ముఖం చూడలేదు. ఇద్దరికీ పెండ్లిళ్లు కాలేదు. ఆమెకు నా వల్ల, నాకు సుత నా వల్లే.

ఆ ఎండాకాలం రోజూ సాయంత్రం సరిగ్గా సీరియల్ మధ్యలో కరెంటు పోయేది. అక్క విసనకర్ర అందుకుని, "అయ్యో, ఇప్పుడేమవుతుందో" అనేది.

"నేను చెప్తా" అనేవాణ్ణి.

"చెప్తాను అనరా. నువ్వూ నీ రోడ్డు తెలుగూ."

చెప్పేవాణ్ణి. అత్తకు చెవుడు తెప్పించిన. మామను కాప్రా చెరువు కాడ జారి పడేసిన. ఒకరోజు ఇంకేమీ తోచక కోడలి చంటిబిడ్డకు జ్వరం తెప్పించిన.

"మందు వేశారా?" అని అడిగింది అక్క.

"చీకట్ల సీసా కనపడలే."

అక్క నవ్వింది. నవ్విందనే నాకు గుర్తు. ఆ చీకట్ల నవ్వింది నేనొక్కణ్ణేనేమో అని ఇప్పుడనిపిస్తది.

మా గల్లీలో గురువారం గురువారం ఎవరో ఒకరింట్లో మా చర్చివాళ్లంతా కూడి కాటేజ్ ప్రేయర్ జరిగేది. ఆ వారం పాస్టరమ్మ, "ప్రార్థన అంశాలు ఉంటే చెప్పండి" అన్నది. ఒకామె మోకాళ్ల నొప్పులు చెప్పింది, ఇంకొకామె కొడుకు ఉద్యోగం చెప్పింది. అప్పుడు మా అక్క చెయ్యెత్తింది.

"ఒక చంటిబిడ్డకు మూడు రోజులుగా జ్వరమండీ. ఆ తల్లిని ఇంట్లో ఎవరూ పట్టించుకోవట్లేదు."

నేను రుమాలు నోట్లో కుక్కుకున్న. జోకుల్లో నన్ను మించిపోయిందే అనుకున్న. పాస్టరమ్మ కండ్లు మూసుకుని, ఆ బిడ్డ కోసం నిజంగనే కన్నీళ్లు పెట్టి ప్రార్థన చేసింది. అందరూ ఆమేన్ అన్నారు.

ఇంటికొస్తుంటే దారిలో, "ఇరగదీసినవ్ అక్కా! నా బిడ్డకే ప్రార్థన పెట్టించినవ్" అన్న.

అక్క నడక ఆపింది. "నీ బిడ్డేమిట్రా? పాపం ఆ కోడలు పిల్ల ఒక్కతే కూర్చుని ఏడుస్తుంటే నీకు ఎగతాళిగా ఉందా?"

నవ్వు నా నోట్లనే ఉంది. దాన్ని మింగాల్నో కక్కాల్నో తెలియలేదు.

అప్పుడు ఒక్కొక్కటే యాదికొచ్చినయి. పాలు పొయ్యి మీద పెట్టి బడికి పోయింది. ఒకే కూరలో రెండుసార్లు ఉప్పేసింది. చెప్పిందే మళ్లీ చెప్తుంటే, "ఏందక్కా, బ్రేక్ అయినంక మళ్లీ మొదట్నుంచా?" అని నేను ఏడిపించిన. ఆమె రిటైర్ అయ్యేందుకు ఇంకా రెండేండ్లున్నయి. ఈ సంగతి బళ్లో తెలిస్తే ఇంట్ల కూర్చోబెడ్తారు. రోజూ ఆమె గదిలోకి అడుగు పెట్టంగనే పిల్లలంతా లేచి నిలబడ్తారు. అది సుత పోతే ఆమెకు మిగిలేది నేనూ సీరియలూ.

మరుసటి గురువారం పాస్టరమ్మ మొదటి మాటే, "టీచర్ గారూ, ఆ బిడ్డకు ఎలా ఉంది?"

అక్క నోరు తెరిచేలోపు నేను అందుకున్న. "తగ్గిందండీ. స్తోత్రం."

"ఎవరి బిడ్డ బాబూ?"

"మా కొట్టుకొచ్చే ఆటో అన్న బిడ్డ. యాప్రాల్‌ల ఉంటరు." దూరం చెప్తే ఎవరూ అడగరనుకున్న.

"అయితే వచ్చే వారం ప్రార్థన కాంగనే అందరం పోయి చూసొద్దాం."

మోకాళ్ల నొప్పులామె బిడ్డ కోసం ఉన్ని టోపీ అల్లుకొచ్చింది. మండుటెండల ఉన్ని టోపీ! బిడ్డంటూ ఉంటే అప్పుడొచ్చేది నిజమైన జ్వరం.

ఆ వారమంతా పరేషాన్. కరెంటు పోతే నేను నోరు తెరవలేదు. "చెప్పవేంరా?" అని అక్క అడిగితే, "నాకేం తెలుసు, నేను రాస్తున్ననా?" అని కసిరిన. చీకట్ల విసనకర్ర చప్పుడు ఆగిపోయింది. ఆటో అన్నను ఒకణ్ణి బతిమాలి, ఎవరి బిడ్డనైనా ఒక్క పూటకు తెచ్చి చూపిద్దామా అని సుత ఆలోచించిన. అంత దూరం పోయింది నా బుద్ధి.

గురువారం వచ్చింది. ఆటో మాట్లాడదామని పాస్టరమ్మ లేస్తుంటే నేను నిలబడ్డ.

"ఆ బిడ్డ లేడండీ. కరెంటు పోయినప్పుడు నేను కల్పించి చెప్పిన సీరియల్ కథ అది. మా అక్క నిజమనుకుంది. ఆమెకు మతి జారుతున్నది. ఆమె కోసం ప్రార్థన చెయ్యండి."

ఉన్ని టోపీ అల్లినామె, "నీ జోకులు పాడుగాను!" అని పకపకా నవ్వింది. ఆమెను చూసి అందరూ నవ్విన్రు. పాస్టరమ్మ బైబిలు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ల తప్పేం లేదు, ఎన్నో ఏండ్లుగా వాళ్లను నవ్వించిన నోరే కదా.

నవ్వనిది అక్క ఒక్కతే. క్లాసులో గోల ఆపాలంటే చేసినట్టు, కండ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"నవ్వకండి. వాడు బడి మానేసిన తర్వాత నిజం చెప్పడం ఇదే మొదటిసారి."

పాస్టరమ్మ బైబిలు ఒళ్లోకి దించింది.

"మొన్న బళ్లో హాజరు పిలుస్తూ ఒక పిల్లను చూసి, ఈ పిల్ల టీవీలో ఉండాలి కదా, ఇక్కడెందుకు కూర్చుంది అనుకున్నాను. ఎవరితోనూ చెప్పలేదు. వీడితో కూడా."

ఇంటికి రాంగనే అక్క ఒక నోటుపుస్తకం, రెండు పెన్నులు నా ముందర పెట్టింది. "రేపు డాక్టర్ దగ్గరికి పోదాం. ఈలోపు ఇది రాయి. టీవీలో వచ్చింది నీలం రంగుతో. నువ్వు చెప్పింది ఎర్రరంగుతో. మర్చిపోయినప్పుడు చూసుకుంటాను."

నా పుస్తకాల్ల ఎర్రరంగు ఎప్పుడూ వేరేవాళ్లే పెట్టిన్రు. ఆ రోజు నేనే పట్టుకున్న. అత్త చెవుడు, ఎరుపు. చెరువు కాడ మామ, ఎరుపు. బిడ్డ జ్వరం, ఎరుపు. ఆడపడుచు పెండ్లి కాడికొచ్చి పెన్ను ఆగింది. ఆ పెండ్లి టీవీలో అయ్యిందా, నేను చేసిననా?

అక్క భుజం మీదుగా వంగి చూస్తున్నది. "రాయవేంరా? ఏ రంగు?"