పక్కింటి మేష్టారు, నా గోరుచిక్కుడు మడి

మా పక్కింటి బోటనీ మేష్టారు కిందటి నెలలో ఒక మంగళవారం తెల్లవారుజామున కాలం చేశారు. కబురు చెప్పడానికి వచ్చిన కోడలు, గోడవారన ఉన్న రెండు కుండీలకు నీళ్ళు మానవద్దని ముందురోజు కూడా ఆయన గుర్తుచేశారని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

మండపేటలో మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. పదకొండేళ్ళు దానికి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నాం, నలభై రోజులు తప్ప. ఆ నలభై రోజుల తప్పు ఎవరిదో ఆయన ఉండగా నా నోటితో ఒప్పుకోలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం తొలకరికి నలభై ఎనిమిది గోరుచిక్కుడు గింజలు పెడితే అయిదే మొలిచాయి. మేష్టారి స్నానాలగది నీళ్ళు నా మడి పక్కగానే పోయేవి. సబ్బునీళ్ళతో నా మడిని చంపేశారని ఆయన ముఖం మీదే అనేసి, మాట్లాడడం మానేశాను. ఆయన వాదించలేదు. వారం తిరక్కుండా మేస్త్రీని పిలిపించి గొట్టం వీధివైపు తిప్పించారు. నేను మళ్ళీ నలభై ఎనిమిది పెట్టాను. ఈసారి నాలుగు.

నలభయ్యో రోజున ఆయనే గోడ దగ్గరికొచ్చారు. "అక్కగారూ, సబ్బు తప్పేం లేదని తేలింది కదండీ. ఇంతకీ మడిలో ఎరువేం వేశారండి?"

"పచ్చిరొట్ట. మా నాన్నగారు చేలో జీలుగ తొక్కించేవారు. దొడ్లో జీలుగెక్కడిదండీ? రోడ్డు పక్క వయ్యారిభామ మొక్కలు పీకి తెచ్చి తొక్కాను."

మేష్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికి ఆయన పద్ధతి అది.

ఆ మొక్క ఆకుల్లోనూ వేళ్ళలోనూ ఉండే రసాయనాలు మట్టిలోకి దిగి, చుట్టుపక్కల గింజల్ని మొలవనివ్వవన్నారు. నేను నమ్మలేదు. చెబితే నమ్మే మనిషిని కానని ఆయనకు తెలుసు. ఒక కుండీలో నా మట్టి, ఇంకోదాన్లో తన మట్టి నింపి, ఇరవయ్యేసి మెంతిగింజలు నా చేతే పెట్టించారు. రోజూ లెక్క కూడా నేనే రాయాలి. వారానికి ఆయన మట్టిలో పద్ధెనిమిది, నా మట్టిలో రెండు. ఆ రెండూ నా పోలికేనని, అందుకే మొండికేసి మొలిచాయని అన్నారు.

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నాను.

"మడిలో ఆ మొక్క మళ్ళీ మొలిస్తే పూత రాకముందే పీకెయ్యండి, చేతులకి కవర్లు తొడుక్కుని. మడి జోలికి కొన్నాళ్ళు వెళ్ళకండి. మట్టి కూడా మర్చిపోవాలి కదండీ."

క్షమించమని అడగలేదు. గొట్టం మళ్ళీ ఇటు తిప్పించుకోమన్నాను. వీధిలో అరటి పిలక ఆ నీళ్ళకి అలవాటు పడిందని ఆయన వద్దన్నారు.

నా తోట పుస్తకంలో ఆ పేజీలో "కారణం: పక్కింటి సబ్బునీళ్ళు" అని ఇన్నాళ్ళూ అలాగే ఉండిపోయింది. మేష్టారి పదోరోజు భోజనానికి వెళ్ళేముందు దాన్ని కొట్టేసి "కారణం: నేను" అని రాసి, కింద సంతకం పెట్టాను.

అక్కడ కోడలు నన్ను గోడవారకు తీసుకెళ్ళింది. పోవడానికి వారం ముందు మేష్టారు అప్పటి రెండు కుండీల్లోనూ, ఆ మట్టిలోనే మళ్ళీ ఇరవయ్యేసి మెంతులు పెట్టారట. సుద్దతో రాసిన గుర్తులు వానకు చెరిగిపోయాయి.

"మామ్మగారూ, వీటిలో మీ మట్టి ఏదండీ?"

వంగి లెక్కపెట్టాను. ఒకదాన్లో పంతొమ్మిది. రెండోదాన్లోనూ పంతొమ్మిది.