జొన్నపిట్టలు తినే చోటు

1984 జనవరి. ఆదోనిలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. ఎమ్మిగనూరు వైపు ఉన్న ఓ చెరువును పక్షుల కోసం కాపాడాలా వద్దా అని అటవీశాఖ ఆలోచనలో పడి, ఆ చలికాలం పక్షుల్ని లెక్కపెట్టి రిపోర్టు ఇమ్మని నన్ను అడిగింది. మెడలో బైనాక్యులర్స్‌తో ఆడమనిషికి గట్టు మీద ఏం పని అన్నవాళ్లందరికీ జవాబు చెప్పే ఓపిక నాకుండేది. ఇప్పటికీ ఉంది.

ఆ చెరువులో పెరిగిన జమ్ముగడ్డిలో జొన్నపిట్టల రూస్ట్ ఉండేది. రూస్ట్ అంటే పక్షులు గుంపుగా రాత్రి తలదాచుకునే చోటు. ఇవి గోరింకల జాతివే. తల నలుపు, ఒళ్లు గులాబీ రంగు. పొద్దు వాలేవేళ వేలకొద్దీ వచ్చి, ఆకాశంలో దుప్పటి దులిపినట్టు తిరిగి తిరిగి జమ్ములోకి దిగేవి. వీటిని ఒక్కొక్కటిగా ఎంచలేం. వంద పిట్టలు పట్టే మేర కంటితో కొలుచుకుని, గుంపులో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూస్తాం. దాన్నే బ్లాక్ కౌంట్ అంటారు. బాతులూ నీటికోళ్లూ అదే జమ్మును నమ్ముకుని ఉండేవి.

ఆ జమ్ముకు ఆదివారం నిప్పు పెట్టాలని చెరువు పక్క ఊళ్లో తీర్మానం చేసుకున్నారు. జొన్న పాలకంకి మీద ఉంది, పిట్టలు మిగలనివ్వడం లేదు. బుధవారం నేను చావడికి పోయి, ఈ పిట్టలు పురుగుల్ని తింటాయి, మీకు మేలే చేస్తాయని గట్టిగా వాదించాను. మూడెకరాల జొన్న తప్ప వేరే ఆధారం లేని హుసేనమ్మ కొంగులోంచి ఒక కంకి తీసి నా చేతిలో పెట్టింది. అందులో గింజ లేదు, పొట్టు తప్ప.

"మేడమ్మా, నువ్వు అవి పండుకునే కాడ సూస్తాండావు. తినే కాడ యాడ సూసినావు?"

కోపం వచ్చింది, ఆమె అన్నది నిజం కాబట్టి. మర్నాటి నుంచి మూడు రోజులు సెలవు పెట్టి, తెల్లవారకముందే ఆమె మంచె ఎక్కాను.

పిట్టలు గింజలు తింటున్నాయి, శుభ్రంగా. అయితే పొద్దు పొడిచాక రెండు గంటలు, సాయంత్రం ఒక గంట మాత్రమే. మధ్యాహ్నమంతా పత్తి చేలల్లో, పశువుల కాళ్ల దగ్గర మిడతల్ని ఏరుకుంటున్నాయి. ఇంకోటి కూడా చూశాను. హుసేనమ్మ వడిసెలతో రాయి విసిరితే గుంపు లేచి పక్కనే ఉన్న ఆమె మరిది చేలో వాలేది. అతను డబ్బా కొడితే తిరిగి ఈమె చేలోకే వచ్చేది. గుంపు అటు పోయినప్పుడల్లా ఈమె నవ్వేది.

శనివారం చావడిలో, బుధవారం నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. మీదీ తప్పేనన్నాను. ఒకరి చేలోంచి ఒకరి చేలోకి తోలుకుంటూ పిట్టల్ని మీరే మేపుతున్నారు. ఆ మూడు గంటలూ అన్ని మంచెల మీదా ఒకేసారి చప్పుడు చేయండి. నిప్పు ఒక్క వారం ఆపండి, ఫలితం లేకపోతే అగ్గిపెట్టె నేనే తెస్తానన్నాను.

"మా ఊరోళ్లు ఒక్క మాట మీద నిలబడింది యాడన్నా ఉందా?" అన్నాడు మరిది.

"నీ సేన్లోకి తోల్తాండేది నేనే గదప్పా," అంది హుసేనమ్మ. "రేపట్నుంచి తోలను. నువ్వూ తోలొద్దు."

మొదటి రెండు రోజులూ గందరగోళమే. మూడో రోజు వాలడానికి చేను దొరక్క గుంపు బీడు మీదికి పోయింది. నష్టం పూర్తిగా ఆగిందని చెప్పను; హుసేనమ్మ గట్టు వెంబడి నాలుగు సాళ్లు అప్పటికే పోయాయి. మిగతా చేను చేతికొచ్చింది. జమ్ము తగలబడలేదు.

పిట్టలు జొన్న తింటాయని రిపోర్టు మొదటి వాక్యంలోనే రాశాను. అది ఉంటే చెరువుకు రక్షణ రాదు, తీసేయండి అన్నాడు అటవీశాఖ ఆఫీసరు. తీయలేదు. దాని కిందే మంచెల సంగతి రాశాను, రెండూ కలిపి చదువుకోమన్నాను.

కోతలయ్యాక హుసేనమ్మ గట్టు మీదికొచ్చి నా బైనాక్యులర్స్ అడిగి తీసుకుంది. జమ్ములోకి దిగుతున్న గుంపును చాలాసేపు చూసింది.

"పండుకునే కాడ బాగానే ఉంటాయిలే," అంది.

ఆ తర్వాత పిట్టల్ని చూపించడానికి ఏ స్టూడెంట్ల బ్యాచ్‌ను తీసుకుపోయినా ముందు చేలోకే నడిపించాను. చెరువు ఆ తర్వాతే.