వరసలో ముందు బండి

మంగళగిరి నేతగాడు పానకాలుకు రెండు మొండితనాలు. మగ్గం మీద చీర ఉండగా దేవుడు పిలిచినా కాళ్లు పెట్టే గుంటలోంచి లేవడు. ఇక రెండోది ఆయన మోటారు సైకిలు. చీరల మూట కట్టుకుని గుంటూరు దాకా సైకిలు తొక్కీ తొక్కీ పిక్కలు పట్టేస్తుంటే, యుద్ధంలో తిరిగిన మిలిటరీ బండి ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలిసి కొనుక్కొచ్చాడు. నేతగాడికి మోటారు సైకిలేమిటని ఊరూవాడా నోరు నొక్కుకుంది. నేసే చేతులకు నడిపే యోగం ఉండకూడదని ఏ శాస్త్రంలో రాసి ఉందో అలా అన్నవాళ్లే చెప్పాలి. పానకాలు మాత్రం వాళ్లతో వాదించలేదు. ఎవరన్నారో కనుక్కుని, వాళ్ల వాకిట్లో రెండుసార్లు హారను మోగించి పోయేవాడు.

ఆదివారం పొద్దున్నే గుంటూరులో నన్నే సాహెబ్ షెడ్డు ముందు బళ్లవాళ్లంతా చేరేవారు. నన్నే సాహెబ్ ఆ చుట్టుపక్కల పేరున్న మెకానిక్కు. వచ్చేవాళ్లు మిరప రైతులు, పొగాకు వ్యాపారులు. ఇంట్లో తాగిన చెంబు కూడా తీసి పక్కన పెట్టని మగమహారాజులు అక్కడ పంచెలు ఎగ్గట్టి, గొంతుక్కూర్చుని, చక్రం పుల్లలు ఒక్కొక్కటే తుడిచేవారు.

"ఏరా బాపయ్యా, నీ బండి వదిలే పొగ చూసి పొగాకు కాల్చే బేరన్ తగలబడిందనుకున్నా!"

"నీ బండికి ఆ పొగన్నా రాదు గదరా. ముందు స్టార్టవనీ, తర్వాత మాట్లాడు."

తుడుచుకోవడానికి చిక్కునూలు పానకాలే తెచ్చేవాడు. మగ్గం దగ్గర మిగిలిన ఆ నూలు తలా కాస్తా తీసుకుని, దానితోనే చేతుల జిడ్డు తుడుచుకుంటూ, "మగ్గం గుంటలో కూర్చునేవాడికి సీటు మీద కూర్చోవడం ఎట్లా అలవాటైందయ్యా?" అని ఆయన్నే ఆటపట్టించేవారు. "మీకు అరుగు మీంచి దిగడం అలవాటైనట్టే" అని పానకాలు అంటించేవాడు.

వాళ్లకో ఆచారం ఉండేది. ఏటా దసరాకు ఆయుధపూజ నాడు బళ్లకు పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అందరూ వరసగా మంగళగిరి వెళ్లి స్వామి కొండ కింద కొబ్బరికాయలు కొట్టేవారు. అన్నిటికంటే పాత బండి ముందు నడవాలి. స్వామి దగ్గరికి పోయేటప్పుడు ముందు బండిని ఎవరూ దాటకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది పెద్ద మిరప రైతు శ్రీమన్నారాయణ. ఎందుకు పెట్టాడంటారా? అప్పటికి అందరిలోకీ పాత బండి ఆయనదే కాబట్టి.

అరవై మూడులో పానకాలు మిలిటరీ బండి వచ్చి ఆ ముచ్చట కాస్తా తీర్చేసింది. నన్నే సాహెబ్ ఇంజను మీది రంగు గీకి నంబరు చూసి, ఇది శ్రీమన్నారాయణ గారి బండి కంటే రెండేళ్లు పెద్దదని తేల్చాడు. ఆ ఏడు ముందు పానకాలు నడిచాడు, వెనక శ్రీమన్నారాయణ. అప్పటినుంచి ఆ పెద్దమనిషి కంటికి కునుకు లేదు. ఆ బండి తనకమ్మమని కబురు మీద కబురు పంపాడు. అమ్మనంటే అమ్మనన్నాడు పానకాలు.

మరుసటి దసరా దగ్గరికొచ్చిందనగా, షెడ్డు దగ్గర అందరూ ఉండగా శ్రీమన్నారాయణ కదిపాడు.

"వయసుంటే చాలదయ్యా పానకాలూ, నడవాలి. దారిలో చతికిలబడితే స్వామి ముందు మా అందరి పరువూ పోతుంది."

"నా బండి దారిలో ఆగితే అక్కడే మీకిచ్చేసి నడిచిపోతానండీ!"

అనేసి నాలిక కరుచుకున్నాడు. కానీ నోరు జారిన మాట వెనక్కి వస్తుందా? అందరూ విన్నారు.

అంత మాట అన్నవాడు బండిని కళ్లలో పెట్టుకుని చూసుకోవాలా? చూసుకున్నాడు, తనకు తెలిసిన పద్ధతిలో. పెట్రోలు ట్యాంకు మూత ఎక్కడో ఊడి పడిపోతే, ఇంత చిక్కునూలు ఉండలా చుట్టి మూతికి బిగించాడు. నన్నే సాహెబ్ వద్దన్నాడు. "నూలు నన్ను ముంచదులే సాయిబూ" అన్నాడు పానకాలు. మరి పుట్టినప్పటినుంచీ అన్నం పెట్టింది అదేనాయె.

పండగ నాడు మగ్గానికి సెలవు. భార్య మాణిక్యమ్మ కొత్త చీర కట్టి వెనక కూర్చుంది. గుంటూరు నుంచి వరస బాగానే కదిలింది. కాజ ఊరు దాటి కొండ కనబడుతుండగా పానకాలు బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తన్నాడు. మళ్లీ తన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. నన్నే సాహెబ్ వచ్చి పెట్రోలు గొట్టం ఊడదీసి, తడిసిన నూలు పోగు ఒకటి బయటికి లాగాడు.

"లోపల ఇంకా ఉంది పానకాలూ. ట్యాంకు దించితే గాని రాదు. ఇక్కడ కాదు."

శ్రీమన్నారాయణ తాపీగా తన బండి దిగి వచ్చి, పానకాలు హ్యాండిలు మీద చెయ్యేశాడు. "మాటంటే మాటేగా?"

తన నూలే తన గొంతు కోసిందని పానకాలుకు ఏడుపొచ్చింది. అయినా ఆడి తప్పిన బతుకు బతకలేడు. హ్యాండిలు వదిలేశాడు.

అప్పుడు మాణిక్యమ్మ వెనక చక్రం పట్టుకుంది.

"ఆగండన్నయ్యగారూ. మాటిచ్చింది ఆయన. ఆయన సగం ఆయనిచ్చుకున్నాడు, తీసుకోండి. నేను నూలు కండెలు చుట్టకపోతే ఆయన మగ్గం ఆడదు. చీరలమ్మి కొన్న బండిలో సగం నాది. నేనెవరికీ మాటివ్వలేదు."

"సగం బండి ఎట్లా తీసుకుంటారమ్మా?" అన్నాడు శ్రీమన్నారాయణ.

"అది మీరే చూసుకోండి. ఆ కొండ మీది స్వామి ఎంత పానకం పోసినా సగం తాగి సగం మనకొదిలేస్తాడు. ఆయనకే సగం చాలితే, మీకు మొత్తం కావాలా?"

బాపయ్య పగలబడి నవ్వాడు. స్వామి పేరెత్తాక, ఆ కొండ ఎదురుగా నిలబడి కాదనే మగాడెవడు? శ్రీమన్నారాయణ చెయ్యి తీశాడు. పానకాలుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. హ్యాండిలు పట్టుకుని, "తొయ్యవే" అన్నాడు.

"మరి వరసలో వెనక్కి పో!" అని ఎవరో అరిచారు.

"పోను. పాత బండి ముందుండాలన్నారు, ముందే ఉంటుంది. దాటే దమ్ముంటే దాటండి!"

ఎవరూ దాటలేదు. మొగుడూ పెళ్లాం ఎండలో బండి తోసుకుంటూ నడుస్తుంటే, వెనక అంత పెద్ద వరసా నత్తనడక నడిచింది. కొంత దూరం పోయేసరికి శ్రీమన్నారాయణ బండి ఆ నడకకు కాగిపోయి టక్కున ఆగింది. ఎంత తన్నినా లేవలేదు. ఆయన కిందికి దిగి, పట్టు కండువా నడుముకు చుట్టి, తోయడం మొదలుపెట్టాడు.

పానకాలు వెనక్కి తిరిగి చూశాడు. "ఆగిన బండి ఇచ్చెయ్యాలాండీ?"

మాణిక్యమ్మే అందుకుంది. "అందులో సగం మా వదినగారిది. ఇంటికెళ్లి ఆవిణ్ణి అడిగి చెప్తార్లే, నువ్వు నడువు."

ఆ ఏడు కొండ కింద మొదటి కొబ్బరికాయ పానకాలే కొట్టాడు. గ్రీజు చేతులతోనే ఒక చిప్ప తను ఉంచుకుని, రెండోది మాణిక్యమ్మ చేతిలో పెట్టాడు.