అత్త పూసిన పుదీనా పువ్వు

డెబ్బైల నడుమ నేను పెళ్ళయి కృష్ణగిరికి వచ్చేసరికి మామగారు లేరు. అత్త, నా భర్త కలిసి నాటుమందుల అంగడి నడుపుతున్నారు. ఇల్లు అంగడి వెనకే. అంగడికి పేరు తెచ్చింది అత్త చేసే నొప్పుల మందు.

బెంగళూరు నుంచి డబ్బాల్లో పుదీనా పువ్వు వచ్చేది. అది పువ్వు కాదు, పుదీనా నూనెలోంచి తీసిన తెల్లటి పలుకులు. డాక్టర్లు మెంథాల్ అంటారు. వాటిని కర్పూరం, వాము పువ్వుతో కలిపి గాజు సీసాలో పెడితే పొయ్యి అవసరం లేకుండానే మూడూ కరిగి నీళ్ళయ్యేవి. కొబ్బరినూనెలో కొద్దిగా కలిపితే ఒళ్ళునొప్పులకు, తలనొప్పికి పూత. వేడినీళ్ళలో ఒక చుక్క వేసి ఆవిరి పడితే దిబ్బడేసిన ముక్కు తెరుచుకున్నట్టుండేది. కుందారపల్లి నుంచి రాళ్ళు కొట్టే కూలీలు దానికోసమే వచ్చేవాళ్ళు.

"రెండు చుక్కలు చాలమ్మా. కంటికాడికి పోనీయద్దు. పసిబిడ్డల ముక్కుకాడ అసలు పెట్టద్దు, ఊపిరి నిలిచిపోతాది" అని అత్త మొదటి రోజే చెప్పింది.

మూడో నెలలో అంగడికి వచ్చిన ఒక లారీ డ్రైవరు కన్నడంలో ఏదో అంటే నవ్వాను. అతను వెళ్ళగానే నా భర్త జుట్టు పట్టి లోపలికి ఈడ్చి, తలుపుకు అడ్డంగా వేసే ఇనుప కమ్మీతో వీపు మీద కొట్టాడు. నోట్లో గుడ్డ కుక్కుకుని పడుకున్నాను. అత్త వచ్చి రవిక విప్పి మందు పూసింది. వీపు మీద ఐసు పెట్టినట్టయింది.

"చల్లగా ఉండాదా?"

"ఉండాది."

అంతకుమించి ఆమె ఏమీ అనలేదు. నాలుగేళ్ళు ఇదే. కూరలో ఉప్పు తగ్గిందని, అమ్మగారింటికి పోతానన్నానని, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే కొట్టేవాడు. ఆమె పూసేది. పొద్దున్నే లేచి నేను అదే మందును సీసాల్లో పోసేదాన్ని.

ఒకసారి పక్కటెముకల మీద తన్నాడు. పదిరోజులు మందు పూసుకుంటూ పనిచేశాను. దగ్గితే కళ్ళు తిరిగి పడిపోయాక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మెట్ల మీద నుంచి పడ్డానని చెప్పాను.

డాక్టరమ్మ నా ఒంటిమీది మందు వాసన చూసింది. "ఎముక ఇరిగి పదినాళ్ళయింది. ఇది పూస్తే చల్లగా ఉండి నొప్పి మరుస్తాది. ఇరిగింది అతుక్కోదమ్మా" అంది. నావైపు కాదు, అత్తవైపు చూస్తూ అంది. అత్త తల దించుకుంది.

అది జరిగిన నెలకు, మిట్టమధ్యాహ్నం, కరిగిన మందును గిన్నెలోంచి సీసాల్లోకి వంచుతున్నాను. అతను తాగి వచ్చి, అన్నం వడ్డించలేదని దంచే రోకలి ఎత్తాడు. అత్త అడ్డం వచ్చింది.

"వద్దప్పా, పచ్చి ఎముక."

రోకలి ఆమె నుదుటి మీద పడింది. నెత్తురు కంట్లోకి కారింది. ఆమెను అతను కొట్టడం అదే మొదలు. నా చేతిలోని గిన్నె అతని ముఖాన విసిరాను.

అతను కళ్ళు పట్టుకుని అరుస్తూ అలమర మీద పడ్డాడు. సీసాలన్నీ పగిలాయి. గాజు ముక్కల మీద పొర్లుతుంటే నేను రోకలి తీసుకుని భుజం మీద, తొడల మీద, మోకాళ్ళ మీద కొట్టాను. నా నోట్లోంచి ఏదో మూలుగు వస్తూ ఉంది. ఆ నాలుగేళ్ళలో మొదటిసారి నాకు భయం వేయలేదు. అది బాగుండిందని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

అత్త నా చేయి పట్టుకుంది. "చాలు. చచ్చిపోతే నువ్వు జైలుకు పోతావు. కండ్లు కడుగుదాం, నీళ్ళు తే."

ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుని రెప్పలు విప్పి పట్టుకుంటే, నేను బిందె తరవాత బిందె నీళ్ళు పోశాను. అతను చంటిపిల్లాడిలా ఏడ్చాడు. పక్కింటివాళ్ళు జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయారు. చూపు దక్కింది.

అత్త తలకు గుడ్డ కట్టుకుని, ఒక సంచి సర్దుకుని, "పదమ్మా" అంది. హోసూరు బస్సెక్కాం.

హోసూరు పక్కనే మత్తిగిరిలో ఒక గది తీసుకుని మళ్ళీ మందు చేయడం మొదలుపెట్టాం. అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. షిఫ్టు దిగినవాళ్ళు నడుములు పట్టుకుని వచ్చేవాళ్ళు. వాపు ఉంటే, దెబ్బ తగిలి ఉంటే మందు అమ్మకుండా ఆసుపత్రికి పొమ్మనేదాన్ని.

అతను ఒక్కసారి వచ్చాడు. అత్త గడప దాటనివ్వలేదు. "కండ్లు కనబడతాండాయి కదప్పా. వచ్చిన దావనే పో" అంది. మళ్ళీ రాలేదు.

ఎనభైల్లో ఒకరోజు, మందు కలుపుతూ ఆమెను అడిగాను. "అత్తా, నాలుగేండ్లు పూస్తివి కానీ, ఒక్క మాట అనకపోతివి. ఎందుకు?"

ఆమె సీసాకు బిరడా బిగించి చెప్పింది. "మీ మామ కొట్టినప్పుడు నాకు పూసేవాళ్ళు కూడా లేకుండిరి. పూస్తే చాలనుకొంటిని."

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు సూళగిరి సంతకు సీసాలు తీసుకుపోవాలి. గంప ఒక పక్క ఆమె, ఒక పక్క నేను పట్టుకుని బస్సెక్కాం.