నరసరాజు గారి ఎండ లెక్క

నరసరాజు గారికి ఒకటే జబ్బు. ఎండ ఎక్కడ పడినా లెక్క అడుగుతారు. మనలాంటివాళ్లం ఎండ చురుక్కుమంటే నీడకు జరుగుతాం. ఆయన అక్కడే నిలబడి, పడిన వేడి ఎంత, తిరిగి వెళ్లిపోయింది ఎంత, మధ్యలో తాగేసింది ఎంత, అవతలికి దాటింది ఎంత అని తేల్చుకుంటే గాని కదలరు. అద్దం, గుడ్డ, గొడుగు, తడిక, ఏదైనా ఆయనకి ఒకటే.

శంషాబాద్‌కి విమానాశ్రయం వచ్చిన కొత్తలో భీమవరం వదిలి, అక్కడి ఏసీల కంపెనీలో ఇంజినీరుగా చేరారు. కంపెనీవాళ్లు జీతమిచ్చి మరీ ఈ లెక్కలే చేయించుకోవడంతో జబ్బు బాగా ముదిరింది. అరచేతంత మీటరొకటి జేబులో పెన్ను పక్కనే ఉంటుంది. గుడికి వెళ్లినా అది వెంట ఉండాల్సిందే.

ఒకసారి భార్య వేదవతి గారితో మైలార్‌దేవ్‌పల్లి బయలుదేరారు. పొద్దుటి పూట బస్సు ఉత్తరానికి పోతుంది కాబట్టి కుడి కిటికీల్లోంచి నూటికి ఎనభై వంతుల వేడి లోపలికి దాటుతుందని తేల్చి, ఆవిణ్ణి ఎడమ పక్క కూర్చోబెట్టారు. అంతటితో ఊరుకుంటే నరసరాజు గారెందుకవుతారు? ఎదుటి సీటు ముసలాయనకి చెప్పారు. ఆయన పక్కాయనకి చెప్పాడు. కాసేపటికి బస్సంతా ఎడమ పక్కకి చేరింది. కండక్టరు వచ్చి చేతులు జోడించాడు.

"సార్, బస్సు ఒక్కదిక్కే ఒరుగుతున్నది. జర మీ లెక్క బంద్ పెట్టుండ్రి."

ఇంటి ఓనరు అనంతమ్మ మనవరాలు శిరీష పెళ్లిలో ఇంకా బాగు. పందిరి గుడ్డలోంచి దాటిన ఎండ సరిగ్గా పంతులు గారి బట్టతల మీద పడుతోందని కనిపెట్టి, పీటలతో సహా పెళ్లిని రెండు మూరలు జరిపించారు. పంతులు గారు వధూవరుల కన్నా ముందు ఈయన్నే ఆశీర్వదించారు.

ఊరందరికీ ముద్దొచ్చే మనిషే. వేదవతి గారికే కుళ్లు. కుళ్లు ఆయన మీద కాదు, ఆయన లెక్కలు అందుకున్న వాళ్లందరి మీద. అనంతమ్మ రేకుల గది మీద తెల్లసున్నం వేయించి చల్లబరిచారు. పూలమ్మే జంగమ్మ బండికి ఏ గుడ్డ కట్టాలో చెప్పారు. వేదవతి గారి వంటిల్లు మాత్రం పడమటి కిటికీతో, మధ్యాహ్నం అయ్యేసరికి పొయ్యి లేకుండానే పప్పు ఉడికేలా ఉంటుంది. పోనీ అడిగితే ఆయన ఇచ్చిన సలహా ఏమిటి? కిటికీకి చెక్క కొట్టించేద్దామట.

ఆవిడ ససేమిరా అంది. సందుకి అవతల అరుగు మీద అనంతమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటుంది. ఎవరింట్లో ఏం జరిగిందో ఆవిడకి తెలియనిది లేదు. ఆ కిటికీ మూస్తే వేదవతి గారికి శంషాబాద్ మూసేసినట్టే. ఆయన "సరే" అని ఊరుకున్నారు. ఏడాది దాటినా మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. జంగమ్మ బంతిపూలకున్న విలువ కూడా నాకు లేదు కదా అని ఆవిడ లోపల్లోపల కుమిలిపోయేది.

ఆ వేసవిలో రాజమండ్రి నుంచి మృదుల అనే అమ్మాయి వచ్చి, మెయిన్ రోడ్డు మీద నిలువెత్తు అద్దంతో బ్యూటీ పార్లర్ పెట్టింది. వారం తిరక్కుండానే అనంతమ్మ కిటికీలోంచి వార్త వేసింది.

"వేదమ్మా, గిట్ల చెప్తున్ననని ఏమనుకోకు. మీ సారు రోజూ పగటీలి ఎండల ఆ పార్లర్ అద్దం ముందట నిలబడి లోపలికే చూస్తున్నడంట. ఇగ నిన్న లోపలికి గూడ పోయిండంట."

వేదవతి గారికి ఒళ్లు భగ్గుమంది. పొయ్యి కట్టేసి, మండుటెండలో రోడ్డెక్కింది. నిజమే. ఆయన అద్దానికి అరచెయ్యి ఆనించి, నాలిక కొరుక్కుంటూ లోపలికి చూస్తున్నారు. లోపల్నుంచి ఆ పిల్ల నవ్వుతూ వచ్చి గ్లాసుడు మజ్జిగ చేతికిచ్చింది. వేదవతి గారు వెనక్కి తిరిగి, దారి పొడుగునా ఆ మజ్జిగని తిట్టుకుంటూ ఇంటికొచ్చేసింది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, రేపు మా అన్నయ్య దగ్గరికి భీమవరం పోతున్నానని చెప్పింది. వద్దని బతిమాలతారనుకుంది. ఆయన ముద్ద కలుపుకుంటూ, రేపు వద్దు, ఎల్లుండి వెళ్లమన్నారు. ఆవిడ పెట్టెలో చీరలు సర్దుతూ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు కాటేదాన్ అద్దాల కొట్టు బిక్షం, ట్రాలీ ఆటోలో గోనెపట్టా చుట్టిన అద్దాలు దింపాడు. సాయంత్రానికల్లా వంటింటి కిటికీకి కొత్త రెక్కలు బిగించేశాడు. ఎండ సూటిగా వాటి మీద పడుతోంది. వేదవతి గారు పొయ్యి ముందు నిలబడింది. చెమట పట్టడం లేదు. సందుకి అవతల అనంతమ్మ, ముక్కుపుడకతో సహా స్పష్టంగా కనిపిస్తోంది.

చెక్క వద్దన్న రోజు నుంచీ ఆయన వెతుకుతూనే ఉన్నారట. రంగు అద్దం వేస్తే వేడి తగ్గుతుంది గాని అనంతమ్మ మసకబారిపోతుంది. మామూలు అద్దం వేస్తే అనంతమ్మతో పాటు ఎండంతా లోపలికొస్తుంది. అనంతమ్మని రానిచ్చి వేడిని తిప్పి పంపే అద్దం పార్లర్‌కి ఉందని తెలిసి, అదీ పడమటి ముఖమే కాబట్టి, అక్కడ లెక్క చూసుకున్నారు.

వేదవతి గారి మనసు సగం చల్లబడింది. మిగతా సగం ఉంది కదా.

"ఆ మృదుల చూడ్డానికి ఎలా ఉంటుంది?" అంది.

"ఏ మృదుల?"

"మీకు మజ్జిగ ఇచ్చిన పిల్లండీ."

ఆయన జేబులోంచి మీటరు తీసి కొత్త అద్దానికి ఆనించారు. "మజ్జిగ గుర్తుంది. ఎవరిచ్చారో చూడలేదు."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఇంకో కుళ్లు మొదలైంది. "పోనీ నన్నయినా చూశారా? నేనిప్పుడు ఏ రంగు చీర కట్టుకున్నాను?"

ఆయన అద్దం మీంచి మీటరు తీయలేదు, వెనక్కి తిరగలేదు. "ముదురు నీలం. వంటింట్లో లేత రంగులు కట్టుకుంటే వేడి తక్కువ తాగుతాయని చెబుదామనుకున్నాను. నీకేమో ముదురు రంగులే ఇష్టం. చీరలు మార్చమనడం ఎందుకులే అని అద్దం మార్చాను."

వేదవతి గారు గబగబా కిటికీ దగ్గరికెళ్లి "అనంతమ్మ గారూ" అని పిలిచింది. అవతల అనంతమ్మ నోరు కదిపింది గాని ఏమీ వినబడలేదు. ఆ అద్దంలోంచి మాట ఎంత దాటుతుందో నరసరాజు గారు లెక్క చూసుకోలేదు మరి. ఆవిడ రెండు రెక్కలూ బార్లా తెరిచేసింది.

ఎండంతా లోపలికొచ్చేస్తోందని ఆయన లబోదిబోమంటూనే ఉన్నారు. ఆవిడ ఊచల మీద మోచేతులానించి, "మా ఆయన ఏం చేశారో తెలుసా?" అని తీరిగ్గా మొదలుపెట్టింది.