కాక ట్రాక్టరుకు నేను కుక్కిన గ్రీజు

మొన్న పక్క క్వార్టరులో ఉండే టీచరమ్మ స్కూటరు తాళంచెవి పట్టేస్తోందని, కాస్త గ్రీజుంటే ఇవ్వమని వచ్చింది. వద్దమ్మా వద్దు అని కసిరినట్టే అన్నాను. పాపం, చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. గ్రీజు అన్న మాట వింటే నాకెందుకంత కోపమో ఆమెకేం తెలుసు! డెబ్బైలలో గోదావరిఖనిలో నాతోపాటు డ్యూటీలు చేసి, ఇప్పుడు పెన్షను తింటూ కూర్చున్న మీకైనా చెప్పుకుందామని రాస్తున్నాను.

అప్పుడు నేను గని వర్క్‌షాపులో ఫిట్టరును, కొత్తగా పని వచ్చిన పొగరు ఒంటినిండా ఉండేది. మా దగ్గర పట్టేసిన దేనికైనా ఒకటే మందు. బోల్టు బిగుసుకున్నా, కప్పీ కిర్రుమన్నా వేలితో ఇంత గ్రీజు తీసి పూసేసేవాళ్ళం. మా కాక, అంటే నాన్న తమ్ముడు, బొగ్గు తోలడానికి ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. దాని స్విచ్‌లో తాళంచెవి తిప్పి వదిలితే తనంతట తాను వెనక్కి రావాలి కదా, అది రాక పట్టేస్తుండేది. విప్పి, కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి బిగించాలి, గంట పని. డ్యూటీకి ఆలస్యమవుతుందని నేను లోపల గ్రీజు కుక్కి చేతులు దులుపుకున్నాను. రెండు రోజులు వెన్నలా తిరిగింది. “పక్కా ఫిట్టర్‌వైనవ్ పో, కొడుకా” అని కాక మెచ్చుకుంటే పొంగిపోయాను. బొగ్గు దుమ్ము ఆ గ్రీజుకే అంటుకుని ముద్దకడుతుందని, రోజూ ఆ దుమ్ములోనే బతికే నాకు తట్టనే లేదు.

ఆ వారమే మా మేనత్త కొడుకు, నాకు బావ, పచ్చకామెర్లతో దవాఖానలో కన్నుమూశాడు. ఇద్దరం ఒకే రోజు పనిలో చేరి, ఒకే గదిలో వండుకు తిన్నవాళ్ళం. ఎనిమిది మైళ్ళ దూరంలో ఊళ్ళో ఉన్న అత్తకు సైకిలు మీద కబురు పంపాం. పొద్దుగూకకముందే మట్టి చెయ్యాలని మా వాళ్ళ పట్టుదల, కనుక మేమెంత తొందరగా చేరితే ఆమెకు కొడుకు ముఖం అంతసేపు దక్కుతుంది. మధ్యాహ్నం బావను ట్రాలీలో పడుకోబెట్టాక కాక చెవి తిప్పాడు. అది వెనక్కి రాలేదు. దాంతో ఇంజనును తిప్పి లేపే స్టార్టరు మోటారు ఆగకుండా అరిచి అరిచి, మేము బ్యాటరీ తీగ పీకేలోపే పొగ చిమ్మి కాలిపోయింది. దాని పళ్ళు ఇంజను చక్రం పళ్ళలో ఇరుక్కుపోవడంతో ఎంతమంది తోసినా ఇంజను తిరగలేదు. స్విచ్ విప్పితే లోపల నల్లటి ముద్ద. కాక దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఇంకో బండి వెతకడానికి బయల్దేరాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఇంకో బండి కోసం తిరిగి గంట పోగొట్టుకున్నాక, గనిలో మా వాళ్ళకు పెద్దదిక్కయిన సర్దారు ముందుకొచ్చి, “ఇంకెంతసేపు చూస్తరు? భుజాలు లేవా మనకు? లేపుండ్రి” అన్నాడు. రెండో షిఫ్టుకు దిగాల్సినవాళ్ళు నాగా పెట్టి, మాతోపాటు నులక మంచం ఎత్తుకుని, మైలుకు నలుగురు చొప్పున భుజాలు మార్చుకుంటూ నడిచారు. ఊరు చేరేసరికి పొద్దు దిగిపోతోంది. పెద్దలు తొందరపెట్టారు. అత్తకు కొడుకు ముఖం దక్కింది ఒక బీడీ కాలేంత సేపు.

మట్టి అయ్యాక ఆమె నా చేతులు పట్టుకుంది. “బండ్లె ఏసుకరాకుండ భుజాల మీద మోసుకొచ్చిండ్రు. నా కొడుక్కు ఎంత మర్యాద చేసిండ్రు, అల్లుడా!” అని ఏడ్చింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె అది గొప్పగా చెప్పేది, నేను తల వంచుకుని వినేవాణ్ణి.

ఇప్పుడు దవాఖాన నుంచి వ్యాను అరగంటలో ఊరికి చేరుస్తుంది. తల్లులు బిడ్డల పక్కన కావలసినంతసేపు కూర్చుంటున్నారు, అది మంచిదే. నాగా పెట్టి వెంట నడిచేవాళ్ళు మాత్రం లేరు. ఆనాడు మోసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే. కొడుకు పక్కన కూర్చునే ఆ కాస్త సమయం నీకు దక్కకుండా చేసింది నేనే అత్తా అని చెప్పే ధైర్యం అప్పుడు లేకపోయింది, ఇప్పుడు చెబుదామంటే వినడానికి ఆమె లేదు.